కోడి కనిపించని ఆట

కార్తిక బహుళ విదియ

ఏడో లాకును నడిపే మొదటి చెయ్యిగా హైమను ఎంపిక చేసినట్టు ఈ ఉదయం ఆటగది తలుపు మీద కాగితం అంటించారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు మార్గశిర శుద్ధ పంచమిలోగా చెప్పుకోవచ్చనీ, దానికి తమ పనిరోజుల నమోదు జతచేయాలనీ కింద రాసి ఉంది. నాకు అభ్యంతరం ఉంది. అందుకే ఈ నమోదు ఇవాళే మొదలుపెడుతున్నాను. గడువు దాటితే ఆ కుర్చీలో హైమ కూర్చుంటుంది. ఒకసారి కూర్చున్నవాళ్ళను మన కట్ట మీద ఇంతవరకు ఎవరూ లేపలేదు.

నా పేరు కొక్కిలిగడ్డ నాంచారి. ఏడో లాకులో రెండో చెయ్యిని. మా వాళ్ళు కట్టకు బయట, సముద్రం వైపు, ఉప్పుమళ్ళలో పనిచేస్తారు. మా ఇంట్లో అక్షరం ముక్క నేర్చుకున్నది నాతోనే మొదలు. లాకుల సంఘం ఖర్చు మీద హాస్టల్లో ఉండి పని నేర్చుకున్నాను, ఇంకా నేర్చుకుంటున్నాను.

ఇది చదివే ఎంపిక కమిటీలో కొందరు ఆటగదిలో కూర్చుని చాలా ఏళ్ళయి ఉంటుంది కాబట్టి ఇక్కడి సంగతి కొంచెం చెబుతాను. ఆట కళ్ళజోడు పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుంటే ఆట మనకో ఊరినిస్తుంది. ప్రతిసారీ కొత్త ఊరు. పోటు వచ్చేటప్పుడు షట్టర్లు దించాలి, ఆటు తీసేటప్పుడు ఎత్తాలి. మొదటి మెట్టులో సముద్రం ఒక్కటే ఉంటుంది. తర్వాతి మెట్టులో గాలి వస్తుంది. ఆ పైన వాన, నది నుంచి వరద, తుప్పు పట్టిన గొలుసు, మాట వినని పడవలవాళ్ళు. మెట్టెక్కిన కొద్దీ బయట మన పని కూడా మారుతుంది. మూడో చెయ్యి రెండో చెయ్యి అవుతుంది, గెడ పట్టుకున్నవాళ్ళు మీట పట్టుకుంటారు.

తప్పు చేస్తే ఊరు మునుగుతుంది. నీళ్ళు అన్నిటినీ కప్పేశాక చివర్లో ఒక పెంకుటింటి కప్పు మీద ఎర్రకోడి ఒకటి మిగులుతుంది. మెడ తిప్పి మన వైపు చూస్తుంది. ఆట అక్కడితో ఆగిపోతుంది. అందుకే మా దగ్గర ఓడిపోయారు అనరు, కోడిని చూశారు అంటారు. కోడిని చూసినవాళ్ళు ఆ పూట అందరికీ బెల్లం టీ కాయాలి. అందరి గ్లాసులూ ఖాళీ అయ్యేదాకా ఊరు ఎలా మునిగిందో చెప్పాలి. దాన్ని కోడి టీ అంటారు. ఈ ఆచారం ఏ నియమాల్లోనూ లేదు.

నేను ఇంతవరకు కోడిని చూడలేదు. ఏడో లాకులో అలా చెప్పుకోగలిగింది నేనొక్కదాన్నే. హైమ చూసినన్నిసార్లు ఈ కట్ట మీద ఇంకెవరూ చూసి ఉండరు. టీ కాచీ కాచీ ఆటగది గిన్నె అడుగు మాడ్చింది. అన్ని ఊళ్ళు ముంచిన చేతికి మొదటి చెయ్యి ఎలా ఇచ్చారు? నా అభ్యంతరం ఇదే.

కార్తిక బహుళ చవితి

పొద్దున తొడుగులు మంచినీళ్ళతో కడిగి ఆరేశాను. మూడు షట్టర్ల గొలుసులకు గ్రీజు పట్టించాను. పైనుంచి కాలువలో గుర్రపుడెక్క కొట్టుకొస్తోంది. లాకు ముందు చాప పరిచినట్టు పేరుకుంటోంది. గెడలతో తోసినంత మేర తోశాం. సాయంత్రానికి మళ్ళీ అంతే పేరుకుంది.

హైమ గెడ వేస్తూ పడవలవాళ్ళతో కబుర్లు చెబుతుంది. ఎవరి భార్యకు నెలలు నిండాయో ఆమెకు తెలుసు. నాకు పడవల నంబర్లు మాత్రం తెలుసు. ఆమె తొడుగులు వాళ్ళ నాయనమ్మవి, ఆమె చేతికి సరిపోయేలా కుట్టించారు. నావి స్టోరులో ఇచ్చినవి. వేళ్ళ చివర్లు వదులుగా ఉంటే దారం చుట్టుకుంటాను. ఇది ఫిర్యాదుగా రాయడం లేదు. కానీ ఆ తొడుగుల వైపు రోజూ చూస్తాను, అది దాచడం ఎందుకు?

వాళ్ళింట్లో మూడు తరాలుగా లాకు పనే. పాత ఆట ఒకటి వాళ్ళ వసారాలోనే ఉండేదట. మేం ఇసుకలో గూళ్ళు కట్టుకున్న వయసులో ఆమె ఊళ్ళు ముంచుకుంటూ కూర్చుంది. కోడిని చూసినప్పుడల్లా వాళ్ళ నాయనమ్మ కేకలేసేది కాదట. "ఈసారి నీళ్ళు ఎటునుంచి వచ్చాయే?" అని అడిగేదట. హైమ ఈ మాట చాలాసార్లు చెప్పింది. విన్నప్పుడల్లా నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను.

ఎందుకంటే సంఘం ఖర్చు మీద చదివే మాకు వేరే నియమం ఉంది. కోడిని చూసిన ప్రతిసారీ మార్కులు పోతాయి. మార్కులు గీత కిందకు పోతే హాస్టల్లో చోటు పోతుంది. సొంత ఖర్చు మీద నేర్చుకునేవాళ్ళకూ మార్కులు పోతాయి కానీ అడిగేవాళ్ళుండరు. హైమ మార్కులు గీత కింద ఎంత లోతున ఉన్నాయో ఆమెకే తెలియదు. ఆ సంగతి చెప్పుకుని నవ్వుతుంది కూడా.

ఎంపికైనందుకు ఆమెను అభినందించాలి కదా, వెళ్ళాను. "నీకే ఇస్తారనుకున్నా నాంచారీ, నిజంగా" అంది. అబద్ధం కాదు. అబద్ధమై ఉంటే నాకు ఇంత మంటగా ఉండేది కాదు.

కార్తిక బహుళ అష్టమి

అష్టమికి సముద్రం మెత్తబడుతుంది కాబట్టి సెలవు. పడవెక్కి ఇంటికి వెళ్ళాను.

అమ్మ మళ్ళలో ఉప్పు గుంజుతోంది. నన్ను చూడగానే ఉప్పు లాగే చెక్క పలక పక్కన పెట్టి కాగితం వేశారా అని అడిగింది. హైమ పేరు వచ్చిందని చెప్పాను. అమ్మ చుట్టూ ఉన్న మళ్ళ వైపు చూసింది. కుర్చీ నాకేనని చుట్టుపక్కల మళ్ళవాళ్ళందరికీ ముందే చెప్పేసింది. మా పిల్ల ఒక్క ఊరు కూడా ముంచలేదు, ఒక్క పూట కూడా టీ కాయలేదు అని చెప్పుకుంటుంది. టీ కాయకపోవడం ఎందుకు గొప్పో వాళ్ళకు తెలియదు, అయినా తలూపుతారు.

"ఆ పిల్ల రోజూ టీ కాత్తదన్నావుగా?"

"కాస్తుంది."

"టీ కాసేవోళ్ళకి కుర్చీ ఇచ్చేదుంటే నాకు ఈపాటికి కలెక్టరు కుర్చీ ఇవ్వాల."

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను. అభ్యంతరం రాస్తున్నానని చెప్పాను. రాయమంది. పడవ దాకా వెనకే వచ్చి ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది.

"కుర్చీ పోతే మళ్ళీ వత్తది. హాస్టలు చోటు మాత్రం పోగొట్టుకోమాకే."

మా అమ్మ ఈ మాట నేను బడిలో చేరిన రోజు నుంచీ చెబుతోంది. అప్పుడు హాస్టలు అనేది కాదు, బడి అనేది. ఒక్క పరీక్ష తప్పినా ఉప్పుమడిలోకి రావాలని నాకు తెలుసు. అందుకే ఏదీ తప్పలేదు.

కార్తిక బహుళ ఏకాదశి

హైమ ఇవాళ ఏడో మెట్టు ఆడింది. జోడు పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, కాళ్ళు ఆడిస్తూ. మధ్యలో ఒక్కసారిగా కుర్చీలో వెనక్కి వాలిపోయి, "వచ్చిందమ్మా కోడి" అంది. గదిలో అందరూ గ్లాసులు పట్టుకుని లేచారు. ఏడో మెట్టు చేరిన మనిషి ముంచినా చప్పట్లు కొడతారు. నేను ఐదో మెట్టు మళ్ళీ గెలిచాను. ఎవరూ తల తిప్పలేదు.

కోడి టీకి నేను కూర్చోను. వాళ్ళు వంటగట్టు దగ్గర చేరి, నీళ్ళు ఎటు వచ్చాయి, ఏ గొలుసు తెగింది అని అరుచుకుంటూ ఉంటే నేను ఆ సమయంలో ఇంకో ఆట ఆడుకుంటాను. కుర్చీలు ఖాళీగా ఉంటాయి కదా.

ఇవాళ మాత్రం దావీదు మాస్టారిని నిలబెట్టి అడిగాను. మాకు ఆట నేర్పేది ఆయనే, ఎంపికకు పేర్లు పంపేదీ ఆయనే. నా మార్కులు అందరికంటే ఎక్కువ, మరి నా పేరు ఎందుకు పంపలేదని అడిగాను.

"ఆరో మెట్టులోకి వెళ్ళావా అమ్మాయ్?"

వెళ్ళానన్నాను. చాలాసార్లు వెళ్ళాను.

"పూర్తి చేశావా?"

లేదు. ఆటలో ఎడమ బొటనవేలి దగ్గర, ఆట మధ్యలో ఆపి బయటికి వచ్చే మీట ఉంటుంది. ఊరు మునగకముందే అది నొక్కితే మార్కులు పోవు. గొలుసు తేడాగా కదిలినా, నీళ్ళ రంగు మారినా నేను నొక్కేస్తాను. ఇది దొంగతనం కాదు, నియమాల్లోనే ఉంది. హాస్టల్లో నా వెనక వచ్చిన ఉప్పుమళ్ళ పిల్లలందరికీ ఈ కిటుకు నేనే నేర్పాను. వాళ్ళలో ఎవరి చోటూ పోలేదు.

మాస్టారు వాదించలేదు. కమిటీకి రాసుకోవడం నీ హక్కు అన్నారు. అమావాస్య పోటు పెద్దది, గుర్రపుడెక్క ఎక్కువగా ఉంది, మూడో షట్టరు దగ్గర నువ్వుండు అని చెప్పి వెళ్ళిపోయారు. మూడో షట్టరు మంచినీళ్ళ చెరువు వైపుది. దాన్ని నాకు ఇచ్చారంటే నా మీద నమ్మకం ఉన్నట్టే కదా. అలాంటప్పుడు ఆయన నా పేరు ఎందుకు పంపలేదో నాకు ఇంకా అర్థం కాలేదు.

కార్తిక అమావాస్య

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున పోటు మొదలైంది. మాస్టారు మొదటి షట్టరు దగ్గర, హైమ రెండో దాని దగ్గర, నేను మూడో దాని దగ్గర ఉన్నాం. మాస్టారు చెయ్యి ఊపగానే మీట కిందికి నొక్కాను. షట్టరు దిగింది. దిగుతూ దిగుతూ నేలకు ఇంకా మూరెడు ఎత్తులో ఆగింది. గుర్రపుడెక్క చాప మొత్తం మడతపడి, దానిలో ఒక వెదురుబొంగుతో సహా, షట్టరు కింద ఇరుక్కుంది. ఆ సందులోంచి సముద్రం లోపలికి బుసకొడుతూ వస్తోంది.

ఇంకా గట్టిగా నొక్కాను. గొలుసు వదులై వేలాడింది, షట్టరు కదల్లేదు. ఇంకా నొక్కాను.

అప్పుడు నా ఎడమ బొటనవేలు దానంతట అది పక్కకు జరిగి, ఆటలోని ఆ బయటికి వచ్చే మీట కోసం వెతికింది. అక్కడ తుప్పు పట్టిన ఇనుము తప్ప ఏమీ లేదు. వేలు వెతుకుతూనే ఉంది. గోరు ఊడింది. ఆ నొప్పి తర్వాతెప్పుడో తెలిసింది.

హైమ పరిగెత్తుకొచ్చింది.

"ఎత్తు. పూర్తిగా పైకెత్తెయ్యి."

పోటు మీద ఉన్న సముద్రానికి తలుపు తీయమంటోంది. ఆ క్షణం నా మనసులోకి వచ్చిన మాట ఇది: నా చేత ఊరు ముంచించి, నా అభ్యంతరం చెల్లకుండా చేయాలని చూస్తోంది. కమిటీ వారు చదువుతారని తెలిసే రాస్తున్నాను. నేను మీట వదల్లేదు. ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీయబోయింది. నేను బిగించాను. చివరికి భుజంతో నన్ను పక్కకు నెట్టింది. నేను కింద పడ్డాను.

షట్టరు పైదాకా ఎత్తింది. సముద్రం ఒక్క ఉదుటున లోపలికి దూకింది. ఆ తోపుకు గుర్రపుడెక్క చాప, వెదురు, అన్నీ దొర్లుకుంటూ కాలువలోకి వెళ్ళిపోయాయి. హైమ నీళ్ళ వైపు చూస్తూ, లోపల ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిపి, ఒక్కసారిగా దించింది. షట్టరు నేలకు ఆనిన చప్పుడు నా వెన్నుకు తగిలింది. నీళ్ళు ఆగాయి.

ఆమె తలుపు తీసినందువల్ల వచ్చిన నీరు ఒక్కటే అయితే కాలువలోనే ఉండిపోయేది. అంతకుముందు నేను మీట పట్టుకుని కూర్చున్నంతసేపూ వచ్చిన నీరు దాన్ని చెరువు గట్టు దాటించింది. సాయంత్రానికి మంచినీళ్ళ చెరువు ఉప్పెక్కింది. ఇది నేను చేసింది. హైమ చేసింది కాదు.

మార్గశిర శుద్ధ పాడ్యమి

కట్ట బయట మా వాళ్ళ దగ్గర వాననీళ్ళ జాడీలుంటాయి. అవి పడవల మీద తెప్పించి పిల్లలకూ జబ్బుపడినవాళ్ళకూ పంచుతున్నారు. మిగతావాళ్ళం చెరువు నీళ్ళే కాచుకుంటున్నాం. వాన పడి చెరువు మళ్ళీ తియ్యబడేదాకా ఇంతే. మొదటి పడవలో అమ్మ వచ్చింది. నా వేలి కట్టు చూసింది, చెరువు వైపు చూసింది, జాడీలు దించి వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. మాస్టారు కూడా.

అది భరించలేక ఆటగది వంటగట్టు దగ్గరికి వెళ్ళి అడుగు మాడిన గిన్నె పొయ్యి మీద పెట్టాను. చెరువు నీళ్ళు, బెల్లం, టీపొడి వేశాను. నిజమైన మునకకు కోడి టీ ఎవరూ కాచినట్టు నాకు తెలియదు. కాయకూడదేమో కూడా. ఒక్కొక్కరే వచ్చారు. గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఇంకేం చేయాలో నాకు తెలుసు కానీ అలవాటు లేదు. నీళ్ళు ఎటునుంచి వచ్చాయో చెప్పడం మొదలుపెట్టాను. వెదురు సంగతి, గొలుసు సంగతి, బొటనవేలి సంగతి. నేను నేర్పిన కిటుకు వాడే పిల్లలు గోడ పక్కన నిలబడి తమ బొటనవేళ్ళ వైపు చూసుకున్నారు.

"నేను ఎత్తమంటే ఎందుకు ఎత్తలేదు?" హైమ అడిగింది. కోపంగా కాదు. ఏడో మెట్టు గురించి అడిగినట్టే అడిగింది.

"నువ్వు ఊళ్ళు ముంచే మనిషివి కదా."

ఎవరో టీ మింగబోయి దగ్గారు. హైమ నవ్వింది, అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"షట్టరు పట్టుకుని కూర్చుని నేనూ ముంచానే. ఆరో మెట్టులో నీలాగే కిందికి నొక్కీ నొక్కీ ముంచా. తర్వాత మరీ తొందరగా ఎత్తి ముంచా. తర్వాత దించడం ఆలస్యం చేసి ముంచా. నువ్వు ఆ పక్కన కూర్చుని ఐదో మెట్టు ఆడుతున్నప్పుడే ఇదంతా ఇక్కడ చెప్పా కదా" అంది హైమ.

చెప్పింది. ఈ గట్టు దగ్గరే, ఇదే గిన్నె ముందు, గట్టిగా అరుస్తూ చెప్పింది. జోడు పెట్టుకున్న నాకు ఆ గోల చిరాకు పుట్టించేది.

టీ ఉప్పగా ఉంది. గ్లాసు ఎవరూ మధ్యలో వదిలిపెట్టలేదు.

మార్గశిర శుద్ధ తదియ

హైమ ఎంపిక మీద నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. నమోదు మాత్రం మీకు పంపుతున్నాను, ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా.

హైమ మీద నాకు ఇప్పటికీ అసూయగానే ఉంది. ఇదివరకు ఆమె ఎక్కిన మెట్టు చూసి ఉండేది. ఇప్పుడు ఆమె ముంచిన ఊళ్ళు చూసి ఉంది. ఆమె వాళ్ళింటి వసారాలో, నాయనమ్మ పక్కన, ఏ చోటూ పోగొట్టుకోకుండా అన్ని ఊళ్ళు ముంచుకుంది. నాకు ఒక్కటి కూడా దక్కలేదు. చివరికి నేను ముంచిన మొదటి ఊరు నిజమైనదైంది.

రెండో చెయ్యి నా దగ్గర నుంచి తీసుకోవాలంటే తీసుకోండి. గెడ పట్టుకుంటాను. దానికి నేను వాదించను. కానీ ఒక్కటి అడుగుతున్నాను. సంఘం ఖర్చు మీద చదివేవాళ్ళకు కోడిని చూస్తే మార్కులు పోయే నియమం తీసెయ్యండి. బయటికి వచ్చే మీట కూడా ఆటలోంచి తీసెయ్యండి. హాస్టల్లో నేను ఆ మీట నేర్పిన పిల్లలు ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు వచ్చే పౌర్ణమి పోటుకు మొదటిసారి షట్టర్ల దగ్గర నిలబడతారు. వాళ్ళ బొటనవేళ్ళు కూడా పక్కకే వెళ్తాయి. ఇది మీరు రాసిన నియమం, నేను నేర్పిన కిటుకు. నేర్పింది మరపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను, రాసింది మీరే కొట్టెయ్యాలి.

రోజూ సాయంత్రం వాళ్ళతో కలిసి ఆరో మెట్టు ఆడతాను. టీ గిన్నె నేనే తోముతాను. హైమ మా పక్కన కూర్చుని నీళ్ళు ఎటునుంచి వచ్చాయని అడుగుతానంది. ఇవాళ పొద్దున వాళ్ళ నాయనమ్మ తొడుగులు కూడా నాకు ఇవ్వబోయింది. తీసుకోలేదు. నా తొడుగుల వేళ్ళకు కొత్త దారం చుట్టుకున్నాను.

శుద్ధ దశమిలోగా జవాబు ఇవ్వండి. అంతకంటే ఆలస్యమైతే ఆడుకోవడానికి రోజులు మిగలవు. పౌర్ణమికి సముద్రం మళ్ళీ వస్తుంది. ఆలోగా ఆ పిల్లలూ నేనూ కోడిని కొన్నిసార్లయినా చూసి ఉండాలి.

కొక్కిలిగడ్డ నాంచారి
ఏడో లాకు